సీబీఎస్‌ఈ పదో తరగతి ఇంగ్లిష్ రీడింగ్ సెక్షన్: ఆ 20 మార్కులతో మా తొమ్మిది నెలలు

2024 సెప్టెంబరు ఆఖరి వారంలో మా అబ్బాయి హాఫ్ ఇయర్లీ పేపర్లు చేతికిచ్చారు. ఇంగ్లిష్‌లో 80కి 58. లిటరేచర్ బాగానే రాశాడు, గ్రామర్ పర్వాలేదు. సెక్షన్ ఎ, అంటే రీడింగ్, 20కి 11. బట్టీ అక్కర్లేదు, సమాధానం కళ్లెదురుగానే ఉంటుంది, పోయిన మార్కుల్లో పెద్ద వాటా మాత్రం అక్కడే. మా వాణ్ని అడిగితే, "పాసేజీ మొత్తం అర్థమైందమ్మా, మార్కులెందుకు వేయలేదో అదే అర్థం కాలేదు" అన్నాడు. నాకు కోపం వచ్చింది గానీ, వాడన్నది అక్షరాలా నిజమని తర్వాత తేలింది.

2024-25 పేపర్లో సెక్షన్ ఎ ఇలా ఉంటుంది. మొదటిది 400 నుంచి 450 పదాల వ్యాసం లాంటి పాసేజీ, 10 మార్కులు. రెండోది 200 నుంచి 250 పదాలది. దాంట్లో ఒక పట్టికో, గ్రాఫో ఉంటుంది, దానికీ 10. మేం చేసిన నమూనా పేపర్లలో ఎక్కువగా ఒక్కో పాసేజీకి ఎనిమిదేసి ప్రశ్నలొచ్చాయి: ఆరు ఒక మార్కువి, రెండు రెండు మార్కులవి. రెండు మార్కుల జవాబు దాదాపు 40 పదాల్లో రాయాలి. రెండు పాసేజీలూ పాఠ్యపుస్తకంలోవి కావు.

ఈ చివరి సంగతే మాకు మొదటి దెబ్బ. మా వాడు ఏడో తరగతి దాకా రాష్ట్ర సిలబస్. అక్కడ పరీక్షలో కొన్ని పాసేజీలు పాఠాల్లోవే ఇస్తారు. ప్రశ్నలోని మాట పాసేజీలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యం దించేస్తే సరిపోయేది. ఆ అలవాటు చేతికి ఎంత అంటుకుపోయిందంటే, కొత్త పాసేజీలో కూడా వాడు చదవడం లేదు, వెతుకుతున్నాడు. ఈ తేడా నాకు అక్టోబరు దాకా కనబడలేదు.

ముందుగా చేసిన తప్పు చెబుతాను. భయపడి ఆన్‌లైన్‌లో 1,499 రూపాయలు పెట్టి ఒక కోర్సు కొన్నాం. నాలుగు వీడియోల్లో మూడు "పాసేజీ చదవకుండానే జవాబు కనిపెట్టడం ఎలా" అనే తరహావి. అన్నిటికంటే పొడవైన ఆప్షన్ పెట్టమన్నారు, మొదటి, చివరి వాక్యాలు చదివితే చాలన్నారు. దసరా సెలవుల్లో రెండు పాసేజీలు అలాగే చేయించాను. ఒకదాంట్లో 4, ఇంకోదాంట్లో 5. ఈ పేపర్లో రచయిత మొదటి పేరాలో ఒకమాట చెప్పి, మూడో పేరాలో దాన్నే తిరగేస్తుంటాడు. చివరి వాక్యం చదివితే తెలిసేది కాదు. ఆ డబ్బు ఇక తిరిగి రాదు.

పనికొచ్చిందేమో ఉచితంగా దొరికింది. సీబీఎస్‌ఈ అకడమిక్ వెబ్‌సైట్లో ఏటా శాంపిల్ పేపరూ, పక్కనే దాని మార్కింగ్ స్కీమూ (ఏ జవాబుకు ఎన్ని మార్కులు వేయాలో చెప్పే పత్రం) పెడతారు. బోర్డు సైట్లో పాత ఏళ్ల ప్రశ్నపత్రాలున్నాయి. 14 పేపర్లలో సెక్షన్ ఎ పేజీలు మాత్రం ప్రింటు తీయించి స్పైరల్ వేయిస్తే 240 రూపాయలయింది. ఒక్క జాగ్రత్త: ఒకవైపే ప్రింటు తీయించండి. రెండువైపులా తీయిస్తే పాసేజీ ముందు పేజీలో, ప్రశ్నలు వెనకాల పడి, తిప్పుకోవడంతోనే సమయం పోయింది. నాలుగు పేపర్లు మళ్లీ తీయించాల్సి వచ్చింది.

దసరా తర్వాత రెండు వారాల్లో ఆరు పాసేజీలు చేశాడు. గడియారం పెట్టలేదు, పాఠం చెప్పలేదు. ఒక నోటుబుక్కులో, పోయిన ప్రతి మార్కు పక్కన ఎందుకు పోయిందో ఒక్క మాటలో రాయించాను. "తప్పు" అని రాస్తే ఒప్పుకోలేదు, కారణం రాయాలి. 60 మార్కులకు 24 పోయాయి. ప్రశ్న సరిగా చదవక 9. ఊహించి చెప్పమంటే పాసేజీలో వాక్యం దించినందుకు 6. దగ్గరగా ఉన్న ఆప్షన్ పెట్టినందుకు 4. రెండు పాయింట్లు రాయాల్సినచోట ఒకటే రాసి 2. మాటో, వాక్యమో అర్థం కాక పోయినవి మూడంటే మూడు. ఇంగ్లిష్ రాక పోతున్నాయని నేననుకున్న మిగతా మార్కులకు కారణం అది కాదు.

దాంతో ప్రశ్న చదవడం నుంచే మొదలుపెట్టాం. ప్రశ్నలో మూడింటికి పెన్సిల్ తగలాలి: ఏం చేయమన్నారు, ఎక్కణ్ణుంచి, ఎన్ని. "స్టేట్ ఎనీ వన్ రీజన్" అన్నచోట మా వాడు ఉదారంగా రెండు రాసేవాడు, అందులో మొదటిది తప్పయ్యేది. "విత్ రిఫరెన్స్ టు పారాగ్రాఫ్ 3" అన్నచోట రెండో పేరాలోంచి రాసేవాడు. "నాట్", "ఎక్సెప్ట్" ఉన్న ప్రశ్నల్లో కాని దాన్ని కాకుండా అయిన దాన్ని పెట్టేవాడు. ఆ రెండు మాటల చుట్టూ సున్నా చుట్టడం అలవాటు కావడానికి మూడు వారాలు పట్టింది. "జస్టిఫై" అంటే అభిప్రాయం, దానికి పాసేజీలోంచి ఆధారం, రెండూ కావాలి. "ఇన్ఫర్" అంటే ఊహించి చెప్పాలి, పాసేజీలో ఆ జవాబు మాటలుగా ఉండదు. "లిస్ట్" అంటే మాత్రం నిక్షేపంగా దించేయొచ్చు.

దించడం గురించి ఇంకొంచెం. లిఫ్టింగ్ చేస్తే మార్కులు కోస్తారని పిల్లలందరూ అంటారు. బోర్డు పాత మార్కింగ్ స్కీములు కొన్ని చూశాను. రీడింగ్ సెక్షన్‌లో స్పెల్లింగ్, వ్యాకరణం తప్పులకు మార్కు తగ్గించొద్దనీ, ప్రశ్నకు తగినదైతే పాసేజీలోని వాక్యం ఎత్తి రాసినా తగ్గించొద్దనీ పరీక్షకులకు సూచన ఉంది. నాకు ఆశ్చర్యమేసింది. దించినందుకు శిక్ష లేదు. దించింది ఆ ప్రశ్నకు జవాబు కాకపోతేనే సున్నా. ఊహించమన్న ప్రశ్నకు దించిన వాక్యం ఎప్పుడూ జవాబు కాదు.

నేను ఇంట్లో రాసిచ్చిన ఉదాహరణ: పాసేజీలో "ఎంత రద్దీ ఉన్నా ఆ ముసలి లైబ్రేరియన్ కిటికీ పక్క కుర్చీని ఖాళీగానే ఉంచేవాడు" అని ఉంది. దీన్నిబట్టి అతని గురించి ఏం తెలుస్తోంది అని ప్రశ్న. మా వాడు "రద్దీలో కూడా కుర్చీ ఖాళీగా ఉంచేవాడని తెలుస్తోంది" అని రాశాడు. పైగా "అమ్మా, అది పాసేజీలో ఉందిగా!" అని వాదన. ఉంది కాబట్టే అది జవాబు కాదు. "ఆ కుర్చీలో కూర్చునే మనిషి ఎవరో అతనికి ముఖ్యం, వాళ్లు వస్తారని ఎదురుచూస్తున్నాడు. రద్దీలో కూడా ఎవరికీ ఇవ్వకపోవడమే దానికి ఆధారం" అన్నది జవాబు. అక్కణ్ణుంచి ఒక గుర్తు పెట్టుకున్నాం: ఇన్ఫర్ ప్రశ్నకు రాసిన జవాబులో పాసేజీలో లేని మాట ఒక్కటైనా ఉండాలి, అది మనిషి గుణమో, భావమో, కారణమో చెప్పే మాటై ఉండాలి. అలాంటి మాట లేకపోతే మళ్లీ రాయాలి. ఆ ఆరు మార్కుల రకం తప్పులు నవంబరు చివరికి ఒకటీ అరకీ దిగాయి.

ఇక అందరూ కొట్టుకునే సంగతి: ముందు పాసేజీ చదవాలా, ప్రశ్నలు చదవాలా? స్కూల్లో ఒక టీచరు అలా, ఇంకొకరు ఇలా చెప్పారు. నవంబరులో నాలుగేసి పాసేజీలు రెండు రకాలుగానూ స్టాప్‌వాచ్ పెట్టి చేయించాను. పెద్ద పాసేజీలో, పాసేజీ ముందు చదివితే సగటున 17 నిమిషాలు పట్టింది. ప్రశ్నలు ముందు చదివితే 21. ముక్కలు ముక్కలుగా వెతుకుతూ ఒకే పేరాను నాలుగుసార్లు చదివాడు, అయినా రచయిత ధోరణి అడిగిన ప్రశ్న తప్పాడు, మొత్తం ఎప్పుడూ చదవలేదు కదా. గ్రాఫు ఉన్న పాసేజీలో ఇది తిరగబడింది. అక్కడ ప్రశ్నలు ముందు చూస్తే 15, పాసేజీ ముందు చదివితే 18. అంకెలన్నీ చదివి గుర్తుపెట్టుకోవడం దండగ, ఏ అంకె అడిగారో తెలిస్తే నేరుగా అక్కడికే పోవచ్చు. మా వాడికి తేలింది ఇది. మీ పిల్లలకు వేరుగా తేలొచ్చు, నాలుగేసి పాసేజీలు కొలిచి చూడండి.

పెద్ద పాసేజీ చదివే నాలుగు నిమిషాల్లో పెన్సిల్ చేసే పని తక్కువే. ప్రతి పేరా పక్కన రెండు మూడు మాటలు: "సమస్య", "పాత పద్ధతి", "ఒప్పుకోడు". తెలుగులో రాసుకున్నా ఫర్వాలేదు, అది ఎవరూ దిద్దరు. "హౌఎవర్", "యెట్", "డిస్పైట్", "ఇన్‌స్టెడ్" లాంటి మలుపు మాటల చుట్టూ గీత. అంతకుమించి గీస్తే ప్రమాదం. మొదట్లో మా వాడు పాసేజీలో సగం అండర్‌లైన్ చేసేవాడు. అన్నీ గీశాక గీయనట్టే.

ఆప్షన్ల దగ్గర పోయిన మార్కులు చూస్తే, తప్పు ఆప్షన్లు నాలుగు రకాలుగా మోసం చేస్తున్నాయని కనిపించింది. ఒకటి నిజమే గానీ ఈ ప్రశ్నకు కాదు. ఒకటి సగం నిజం, కామా తర్వాత చెడుతుంది. ఒకదాంట్లో "ఓన్లీ", "ఆల్వేస్", "ఆల్" దూరి మాట పెద్దదైపోతుంది, రచయిత "ఆఫెన్" అని ఉంటాడు. నాలుగోది అన్నిటికంటే చెడ్డది: పాసేజీలోని మాటలే వాడి, కారణాన్నీ ఫలితాన్నీ అటూ ఇటూ చేస్తారు. వెతికే అలవాటున్న పిల్లలు సరిగ్గా దీనికే పడతారు, మాటలు కలిశాయి కదా అని. మందు ఒక్కటే: ఆప్షన్లు చూడకముందే చెయ్యి అడ్డం పెట్టి, జవాబు ఏమై ఉండాలో మనసులో తెలుగులోనైనా అనుకోవాలి. ఆ తర్వాతే చెయ్యి తీయాలి. పిచ్చిపనిలా కనిపిస్తుంది, రెండు మూడు వారాలు పిల్లలు విసుక్కుంటారు కూడా.

తెలుగులో ఆలోచించే పిల్లలకు ప్రత్యేకంగా తగిలే రాళ్లు కొన్నున్నాయి. ఇవి ఏ గైడులోనూ లేవు, నోటుబుక్కు చూస్తుంటే బయటపడ్డాయి. "ఎ ఫ్యూ" అంటే కొందరు, "ఫ్యూ" అంటే కొద్దిమందే, అంటే దాదాపు లేరని. ఆ ఒక్క "ఎ" చూడక ట్రూ ఆర్ ఫాల్స్ తప్పాడు. "హార్డ్‌లీ"లో నో, నాట్ కనబడవు కాబట్టి అది కాదనే మాటని తట్టలేదు, పైగా "హార్డ్" అంటే కష్టపడి అనుకున్నాడు. "నాట్ అన్‌కామన్" దగ్గర బుర్ర తిరిగిందన్నాడు. "కాకపోలేదు" అంటాం కదా, అలాంటిదే అంటే ఠక్కున పట్టేశాడు. "అన్‌లెస్"ను "లేకపోతే" అనుకుంటే వాక్యం తలకిందులవుతుంది. "వర్షం పడితే తప్ప" అన్న మూసలో పెడితే కుదురుతుంది. ఇంకోటి వాక్యం పొడవు. మనకు క్రియ చివర్లో వస్తుంది, అందుకే పిల్లలు ఇంగ్లిష్ వాక్యంలోనూ చివరి ముక్కనే అసలు విషయమనుకుంటారు. నలభై మాటల వాక్యంలో కర్త, క్రియ మొదట్లోనే తేలిపోయి, "విచ్" తర్వాతదంతా తోక. రోజుకు రెండు పొడుగు వాక్యాలు తీసుకుని, తోక కత్తిరించి ఎవరు ఏం చేశారో ఐదు మాటల్లో చెప్పమనేదాన్ని. భోజనాల దగ్గర చేసేవాళ్లం, పది నిమిషాలు కూడా పట్టదు. రోజూ ఇంగ్లిష్ పేపర్లో సంపాదకీయం చదివించమని అందరూ చెప్పారు. నెల చదివించాను. ఆ భాష పరీక్ష పాసేజీ కంటే బరువు, విషయం పిల్లలకు పట్టదు, ప్రశ్నలుండవు. మానేసి ఈ తోక కత్తిరించే ఆట పెట్టుకున్నాకే లాభం కనిపించింది.

రచయిత ధోరణి, అంటే టోన్ అడిగే ప్రశ్నలో ఇబ్బంది పాసేజీతో కాదు, ఆప్షన్లలో ఉన్న మాటలతో. "ఇండిఫరెంట్" అంటే తేడా లేనిది అనుకున్నాడు, పట్టనట్టుండటమని తెలీదు. "క్రిటికల్" అంటే ఆసుపత్రిలో సీరియస్ అనుకున్నాడు. ఇరవై మాటలకు తెలుగు పెట్టి గోడకంటించాం: శాటిరికల్ అంటే వెటకారం, నాస్టాల్జిక్ అంటే పాతరోజుల బెంగ, స్కెప్టికల్ అంటే నమ్మీ నమ్మనట్టు, ఆబ్జెక్టివ్ అంటే ఎటూ మొగ్గకుండా. అర్థాలడిగే ప్రశ్నలకైతే పెద్ద మాటలతో పేచీ లేదు, తెలిసిన మాటలే ముంచుతాయి. "అడ్రెస్ ద ఇష్యూ"లో అడ్రెస్ చిరునామా కాదు, "గ్రేవ్ కన్సర్న్"లో గ్రేవ్ సమాధి కాదు. ఆప్షన్‌లోని మాటను వాక్యంలో పెట్టి చదివితే తేలిపోతుంది. ఫలానా పేరాలో ఈ అర్థమున్న మాట రాయమంటే, పాసేజీలో ఎలా ఉందో అలాగే రాయాలి. "డిక్లైన్డ్" అని ఉంటే "డిక్లైన్" అని రాయకూడదు.

గ్రాఫుల్లో లెక్క రాక పోయేవి లేవు, శాతాన్నీ సంఖ్యనూ కలిపేసి పోయేవే. ఒక స్కూల్లో 500 మందిలో 40 శాతం సైకిల్ మీద వచ్చేవారనుకోండి, రెండేళ్లకు 800 మందిలో 35 శాతం. సైకిల్ మీద వచ్చేవారి సంఖ్య తగ్గిందా? శాతం తగ్గింది, పిల్లలు మాత్రం 200 నుంచి 280 అయ్యారు. ట్రూ ఆర్ ఫాల్స్ ఇలాంటి చోటే అడుగుతారు. గ్రాఫు చూడగానే ముందు శీర్షిక, తర్వాత నిలువు గీత పక్కన ఏం రాశారో, అది వేలల్లోనా, శాతంలోనా, ఆ తర్వాత కింద చిన్న అక్షరాల్లో ఏమైనా ఉందా. ఈ మూడూ అయ్యాకే కడ్డీల జోలికి పోవాలి. ఇంకొకటి, కొన్ని ప్రశ్నలకు జవాబు గ్రాఫులో ఉండదు, పక్కనున్న పేరాలో ఉంటుంది. కొన్నిటికి రెండూ కలిపితేనే వస్తుంది. మా వాడు గ్రాఫు చూసి మురిసిపోయి పేరా వదిలేసేవాడు.

డిసెంబరు రెండో వారంలో మొదటి ప్రీ బోర్డు, అంటే బోర్డు పరీక్షకు ముందు స్కూల్లో పెట్టే నమూనా పరీక్ష. రీడింగ్‌లో 14.5. సంతోషించేలోపు మిగతా పేపరు చూశాం. లిటరేచర్ చివరి ఆరు మార్కుల ప్రశ్న మూడు లైన్లతో ఆగిపోయింది. ఇంట్లో నేర్చుకున్నవన్నీ నిదానంగా చేస్తూ సెక్షన్ ఎ మీదే 58 నిమిషాలు కూర్చున్నాడు. మూడున్నర మార్కులు సంపాదించడానికి ఐదు పోగొట్టుకున్నట్టయింది. ఆ రాత్రి ఇద్దరం మాట్లాడుకోలేదు. తప్పు నాదే, రెండు నెలలుగా జవాబుల నాణ్యతే చూశాను, పాసేజీలను విడివిడిగా చేయించాను తప్ప మొత్తం పేపరు ఒక్కసారీ చేయించలేదు.

తర్వాతి వారం 180 నిమిషాలు పంచుకున్నాం. రీడింగ్ 40, గ్రామర్ 15, రైటింగ్ 35, లిటరేచర్ 75, సరిచూసుకోవడానికి 15. రీడింగ్ 40లో పెద్ద పాసేజీకి 20, గ్రాఫుకు 17, మిగతా మూడూ వదిలేసిన ప్రశ్నలకు. ఒక మార్కు ప్రశ్న దగ్గర నిమిషంన్నర దాటితే నంబరు వేసి, జాగా వదిలి ముందుకు పోవాలి. ఈ జాగా వదలడం రాదు పిల్లలకు. చోటు వదలకుండా దాటి, చివర్లో ఎక్కడో రాసి, నంబరు మర్చిపోతారు. వాక్యం పూర్తి చేయమన్నచోట మొత్తం వాక్యం ఎక్కించే పని మానిపించాను, ఖాళీలో రావాల్సిన ముక్క రాసి కింద గీత పెడితే చాలు. పేపరుకు నాలుగైదు నిమిషాలు మిగిలింది. కానీ రాసిన ముక్క వాక్యంలో వ్యాకరణపరంగా అతుకుతోందో లేదో ఒకసారి మనసులో చదువుకోవాలి. రెండు మార్కుల జవాబులో రెండు పాయింట్లను "ఆల్సో"తోనో "మోర్‌ఓవర్"తోనో విడగొట్టాలి. దిద్దేవాళ్లకు రెండోది ఎక్కడ మొదలైందో కంటికి కనబడాలి.

సంక్రాంతి లోపు మూడు పూర్తి పేపర్లు, ఉదయం పదిన్నరకే కూర్చోబెట్టి. గాలిపటాల రోజుల్లో అది ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. జనవరి 20 తర్వాత జరిగిన రెండో ప్రీ బోర్డులో రీడింగ్ 17, సమయం 41 నిమిషాలు, పేపరు పూర్తయింది.

బోర్డు పరీక్ష 2025 ఫిబ్రవరి 15, శనివారం. మొదటి రోజే ఇంగ్లిష్. పది తర్వాత లోపలికి రానివ్వరు, మేం తొమ్మిదింపావుకే గేటు దగ్గరున్నాం. ముళ్ల గడియారం పెట్టుకెళ్లాడు. పదిహేను రోజుల ముందు నుంచీ దాంతోనే చేయించాను, ఎందుకంటే ఫోన్ స్టాప్‌వాచ్‌కు అలవాటుపడ్డ పిల్లలకు ముళ్లు చూసి "ఇంకా ఎంత" అని లెక్కకట్టడం వెంటనే రాదు. ప్రశ్నపత్రం పదింపావుకు ఇస్తారు, పదిన్నర దాకా చదవడమే, జవాబుపత్రంలో ఏమీ రాయకూడదు. ఆ పదిహేను నిమిషాల్లో పేజీలన్నీ ఉన్నాయో లేదో చూసేసరికి రెండు నిమిషాలు పోతాయి. మిగిలినదాంట్లో పెద్ద పాసేజీ ఒక్కసారి, రెండో పాసేజీ ప్రశ్నలు, ఆ తర్వాత రైటింగ్‌లో, లిటరేచర్‌లో ఏ ఛాయిస్ రాయాలో తేల్చుకోవడం. పెన్సిల్ లేకుండా చదవడం మేం అలవాటు చేయలేదు, అక్కడ కొంచెం తడబడ్డానన్నాడు. బయటికొచ్చాక రీడింగ్ 39 నిమిషాల్లో అయిందనీ, 19 వస్తాయనీ చెప్పాడు.

మే 13న ఫలితాలు. ఇంగ్లిష్ 91. స్కూలు వేసే ఇంటర్నల్ 20 పోను 80కి 71. వాడి లెక్క ప్రకారం 76. 2025 పద్ధతిలో, దిద్దిన జవాబుపత్రం కాపీ ముందు తీసుకోవచ్చు, అది చూసుకున్నాక కావాలంటే మార్కుల వెరిఫికేషన్‌కో, రీ ఇవాల్యుయేషన్‌కో పెట్టుకోవచ్చు. అప్పుడు కాపీకి సబ్జెక్టుకు 500 రూపాయలు. మే నెలాఖరులో ఆన్‌లైన్‌లో కట్టాం, కొద్ది రోజులకు స్కాన్ చేసిన కాపీ వచ్చింది. చదువుకున్న రోజుల్లో నా పేపరు నేనెప్పుడూ చూసుకోలేదు, మార్జిన్‌లో ప్రశ్న ప్రశ్నకూ వేసిన మార్కులు చూస్తుంటే చేతులు కొంచెం వణికాయి.

రీడింగ్‌లో 17. మిగతా ఆరూ రైటింగ్‌లోనూ లిటరేచర్‌లోనూ పోయాయి, అది వేరే కథ. ఇక్కడ పోయిన మూడింటినీ పాత నోటుబుక్కు పక్కన పెట్టుకుని చూశాం. ఒకటి టోన్ ప్రశ్న, నిజంగానే తప్పు. రెండోది రెండు మార్కుల జవాబు: "ఆల్సో" పెట్టి రెండో పాయింటు రాశాడు, తీరా చూస్తే మొదటి పాయింటునే మాటలు మార్చి రాశాడు, ఒక మార్కే వేశారు. మూడోది చూసి ఇద్దరం నవ్వాం, తర్వాత వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆప్షన్ అక్షరం బి అని వేసి, పక్కన సి ఆప్షన్‌లోని వాక్యం ఎక్కించాడు. వాక్యం సరైనదే, అక్షరం కాదు. అక్షరం, వాక్యం రెండూ రాయమని పట్టుబట్టింది నేనే. రెండూ ఒకదానితో ఒకటి కలిశాయో లేదో చూసుకోమని మాత్రం తొమ్మిది నెలల్లో ఒక్కసారీ చెప్పలేదు.

రీ ఇవాల్యుయేషన్‌కు (మళ్లీ దిద్దించడానికి) అప్పట్లో ప్రశ్నకు 100 రూపాయలు. మార్కులు పెరగొచ్చు, తగ్గినా ఆ తగ్గినవే ఖాయం. ఆ బి, సి ప్రశ్నకు పెడదామా అని ఒక సాయంత్రమంతా తర్జనభర్జన పడ్డాం. వద్దని మా వాడే అన్నాడు. నోటుబుక్కులో ఆఖరి పేజీ తీసి, పోయిన మార్కు పక్కన కారణం రాశాడు: "చూసుకోలేదు."